హైనాన్ ద్వీపమందలి చాము భాష : లుప్తవర్ణముల సాక్ష్యము

భాషల వంశమును నిర్ణయించుటయందు చెవి నమ్మదగిన సాక్షి కాదు. రెండు భాషలు ఒక్క తీరున వినబడినంతమాత్రమున అవి ఏకమాతృకములని చెప్పరాదు. వేరువేరు తీరుల వినబడినంతమాత్రమున భిన్నవంశజములనియు చెప్పరాదు. ఈ మాట భాషాశాస్త్రగ్రంథములయందు తరచుగా కానవచ్చునదే యైనను, దానిని సంపూర్ణముగా నిరూపించు ఉదాహరణములు అరుదు. అట్టివానిలో నొకటి చీనాదేశపు దక్షిణాంతమున హైనాన్ ద్వీపమందు కలదు. ఆ ద్వీపపు దక్షిణతీరమున సాన్యా నగరమునకు చేరువగా హుయిహుయి, హుయిషిన్ అను రెండు గ్రామములు ఉన్నవి. ఆ రెండు గ్రామములవారికి మాత్రమే మాతృభాషయై యున్న చిన్న భాషయొకటి అచట జీవించుచున్నది. దానిని మాటలాడువారు సుమారు 4,500 మంది యని పండితుల గణనము. వారు తమ భాషను త్సాత్ అందురు. గ్రంథములలో దానికి హైనాన్ చాము అనియు పేరు గలదు.

ఈ భాషను తొలుత వినువారికి ఇది చీనాభాషకో, ఆ ద్వీపపు కొండజాతియగు లీ జనుల భాషకో సోదరియని తోచును. మాటలు దాదాపుగా ఏకాక్షరములు. ఒక్కొక్క అక్షరమునకు నియతమగు తానము, అనగా కంఠధ్వని యొక్క ఉచ్చనీచస్థితి, కలదు. తానము మారిన అర్థము మారును. కాని దీని జన్మవృత్తాంతము వేరు. ఇది మలయా, జావా, మడగాస్కరు, హవాయి దేశముల భాషలకు రక్తబంధువు. ఆ బంధువులలో మిక్కిలి పెక్కింటికి తానములు లేవు. మాటలు ద్వ్యక్షరములు, త్ర్యక్షరములు. వంశమంతటికి సహజమగు రూపమును ఈ యొక్క భాష యెట్లు కోల్పోయినది? కోల్పోయినను దాని వంశము నిస్సంశయముగ నెట్లు తెలియవచ్చినది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానమొక్కటే యగుట ఈ భాషాచరిత్రమునందలి విశేషము.

వంశము, వ్యాప్తి

త్సాత్ భాష చేరిన కుటుంబమునకు ఆస్ట్రొనేషియను కుటుంబమని పేరు. ఆ పేరునకు దక్షిణద్వీపసంబంధి యని యర్థము. ఈ కుటుంబమున 1,200కు పైబడిన భాషలు కలవు. పడమట ఆఫ్రికాతీరపు మడగాస్కరు మొదలు తూర్పున ఈస్టరు ద్వీపము వరకును, ఉత్తరమున తైవాను మొదలు దక్షిణమున న్యూజీలండు వరకును ఇవి వ్యాపించినవి. ఐరోపీయులు మహాసముద్రములను దాటుటకు పూర్వము భూమిపై ఇంత విశాలముగ వ్యాపించిన భాషాకుటుంబము మరియొకటి లేదు. ఈ భాషలలో మిక్కిలి ప్రాచీనమగు భేదములు తైవానునందే కానవచ్చుటచే, ఈ జనులు ఆ ద్వీపమునుండి నావలపై దక్షిణమునకు దిగి, పిమ్మట తూర్పుపడమరలకు ప్రసరించిరని పండితులలో పెక్కుమంది యభిప్రాయము.

ద్వీపములను ఆశ్రయించిన ఈ కుటుంబము ఆసియా ఖండపు ప్రధానభూమిపై నిలిచిన తావులు కొలదివి. వానిలో ముఖ్యమైనది నేటి వియత్నాము దేశపు నడిమి, దక్షిణ భాగములు. రెండువేల యేండ్లకు పూర్వమే బోర్నియో వైపునుండి యని తలపబడు నావికులు ఆ తీరమున దిగి స్థిరపడిరి. వారి భాషయే చాము భాషలకన్నిటికి తల్లి. ఆమె సంతానము నేడు పలుతావుల చెదరి యున్నది. ఫాన్ రాంగ్ ప్రాంతమున తూర్పు చాము, కాంబోజదేశమున పడమటి చాము, వియత్నాము నడిమి పీఠభూమియందు జరాయి, రాడే భాషలు, వాని దక్షిణపు కొండలయందు రోగ్లాయి, చ్రూ భాషలు కలవు. సుమత్రాద్వీపపు ఉత్తరాగ్రమునందలి ఆచే భాషయు వీనికి సన్నిహితబంధువు. ఉత్తరమున సముద్రము దాటి హైనానున చిక్కిన శాఖయే త్సాత్.

చంపారాజ్యము

ఈ జనుల పూర్వరాజ్యమగు చంప భారతీయసంస్కృతికి మిక్కిలి ఋణపడినది. మీసోన్ లోయయందు భద్రవర్మ భద్రేశ్వరుని ప్రతిష్ఠించిన నాటినుండి పెక్కు శతాబ్దములు చంపానృపులు సంస్కృతమున శాసనములు చెక్కించిరి. వారి రాజ్యఖండములకు అమరావతి, విజయ, కౌఠార, పాండురంగ అను పేర్లుండెను. 9వ శతాబ్దపు ఉత్తరార్ధమున వెలసిన వారి ఉత్తరపు రాజధానికి ఇంద్రపురమని పేరు. కృష్ణాతీరపు అమరావతి నెరిగిన ఆంధ్రులకు ఈ పేరు ప్రీతికరమగుట సహజము. ఐనను పేరు ఒక్కటియైనంతమాత్రమున వలస సిద్ధింపదు. పురాణప్రసిద్ధమగు నగరనామమును ఏ దేశపు రాజైనను ఎన్నుకొనవచ్చును. చెవి యొక్క సాక్ష్యమును పరీక్షింపక గ్రహింపరాదనుటకు ఇదియు నొక నిదర్శనమే.

సంస్కృతముతోబాటు చాములు తమ దేశభాషను గూడ దక్షిణభారతలిపినుండి పుట్టిన అక్షరములతో వ్రాసికొనిరి. త్రా కియూ సమీపమున దోంగ్ యెన్ చౌ అనుచోట దొరకిన చిన్న శాసనము దీనికి ప్రథమప్రమాణము. ఫ్రెంచి పండితుడు జార్జి సెదెస్ దానిని 1939లో ప్రకటించి, లిపినిబట్టి క్రీ.శ. 4వ శతాబ్దమునకు చేర్చెను. రాజుయొక్క నాగమును గౌరవించువారికి సత్ఫలమును, అవమానించువారికి నరకమును కలుగునని దాని తాత్పర్యము. నాగము, స్వర్గము, నరకము అనునవి సంస్కృతపదములు. వాక్యనిర్మాణము మాత్రము చాము. ఆస్ట్రొనేషియను కుటుంబమునకు చెందిన భాషలన్నిటిలోను మనకు చిక్కిన ప్రాచీనతమలేఖనము ఇదియే. ప్రాచీన మలయాభాషకు దొరకిన శాసనములలో కాలము తెలిసిన మొదటిది క్రీ.శ. 683 నాటిది. లేఖనమున ఇంత ముందుగా నిలిచిన భాష యొక్క సంతానమే, నేడు హైనానున స్వకీయమగు లిపియు లేక రెండు గ్రామములలో మిగిలియున్నది.

సముద్రలంఘనము

చంపకు ఉత్తరమున వియత్నామీయుల రాజ్యము ప్రబలినకొలది యుద్ధములు పెచ్చుపెరిగెను. క్రీ.శ. 982లో వియత్నాము రాజగు లే హోవాన్ చంపపై దండెత్తి ఇంద్రపురమును కొల్లగొట్టెను. నాలుగేండ్ల పిమ్మట, 986లో, పు లువో ఎ అను చాము నాయకుడు వియత్నామీయుల బాధకు తాళలేక, తనవారు నూరుగురితో హైనాన్ ద్వీపమందలి దాన్‌జౌను చేరి శరణు కోరెనని చీనాదేశపు సోంగ్ వంశచరిత్రమున కలదు. ఇది ఒక్క దినమున ముగిసిన వలస కాదు. చంపకును హైనానునకును నడుమ వర్తకనౌకలు చిరకాలము తిరిగినవి. 1471లో లే థాన్ తోంగ్ అను రాజు విజయనగరిని పట్టుకొని చంపను కుదించిన పిమ్మట మరికొందరు ఆ దారినే పట్టిరి. తుదిగా మిగిలిన పాండురంగఖండమును 1832లో వియత్నాము చక్రవర్తి మిన్ మాంగ్ తన రాజ్యమున కలిపికొనెను.

హైనాన్ చేరిన చాములు ఇస్లామును అనుసరించువారు. చీనా ప్రభుత్వము వారిని హుయి యను మహమ్మదీయజాతియందు చేర్చినది. ఆ జాతివారిలో తక్కినవారి భాష చీనాభాష. కావున ప్రభుత్వపు జాతిపట్టికను మాత్రమే చూచువారికి ఈ రెండు గ్రామములయందు వేరొక భాష కలదనియే తెలియదు. పట్టికలో లేని విషయమును భాషయే బయలుపరచినది.

గుర్తించిన తీరు

జర్మనీదేశీయుడగు హాన్స్ ష్ట్యూబెల్ 1931, 1932 సంవత్సరములయందు హైనాన్ కొండలలో సంచరించి లీ జనులనుగూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. అది 1937లో బెర్లినున వెలువడెను. సాన్యా మహమ్మదీయుల మాటలు కొన్నిటిని ఆయన ఆ గ్రంథమున పట్టికగా చేర్చెను. అమెరికా పండితుడు పాల్ బెనెడిక్టు ఆ పట్టికను చాము, మలయా భాషలతో సరిపోల్చి, ఇది చాముల వలసయే యని 1941లో ఒక వ్యాసమున స్థాపించెను. ఆయన చేతనుండినవి కొన్ని పదములు మాత్రమే. ఐనను సంఖ్యావాచకములు, శరీరావయవముల పేర్లు మొదలగు మూలపదములలో పొందిక కానవచ్చుటచే నిర్ణయము తప్పిపోలేదు. 1983లో ఔయాంగ్ జ్యుఏయా, జెంగ్ యీచింగ్ అను చీనా పండితులు ఈ భాషను ప్రత్యక్షముగ పరిశీలించి దాని ధ్వనులను తానములతో సహా ప్రకటించిరి. ఆ పిమ్మట అమెరికావాడగు గ్రాహం థర్‌గుడ్ చాము భాషలన్నిటి మూలరూపమును పునర్నిర్మించి 1999లో గ్రంథముగ వెలువరించెను. త్సాత్ తానములు ఎందుండి వచ్చినవో ఆ గ్రంథమున క్రమముగ తెలియవచ్చును.

ధ్వనుల స్వరూపము

తానములను తెలుపుటకు కంఠధ్వనిని ఐదు మెట్లుగా భావించి, అట్టడుగు మెట్టును 1 అనియు, మీది మెట్టును 5 అనియు అంకెలతో గుర్తించుట వాడుక. ఆద్యంతములను తెలుపుటకు రెండంకెలు వేయుదురు. 55 అనగా ఆద్యంతము ఉచ్చము, 33 మధ్యమము, 11 నీచము. త్సాత్ భాషయందు ఈ మూడు సమతానములును, ఆరోహణము, అవరోహణము అను రెండు చలితానములును, మొత్తము ఐదు కలవు. వేదాధ్యయనమున ఉదాత్తానుదాత్తస్వరితములను పాటించువారికి ఇది అపరిచితము కాదు. ‘ఇంద్రశత్రు’ శబ్దమున స్వరము తప్పుటచే యజమానికే అనర్థము కలిగెనను కథ వ్యాకరణాధ్యాయులెల్ల రెరిగినదే. స్వరభేదమున అర్థభేదము కలుగుట అచట కొన్ని సమాసములయందు, త్సాత్‌నందు ప్రతిపదమునను.

ఇప్పుడు కొన్ని పదములను పరిశీలింపవలెను. ఈ క్రింద మూలచాము రూపములనగా సోదరభాషలను పోల్చి పునర్నిర్మించినవి. త్సాత్ రూపములలో ఫ, థ లను పకార తకారముల మహాప్రాణములుగా పలుకవలెను.

‘ఐదు’ అను నర్థమున మూలచాము రూపము లిమ, మలయాయందును అదియే. త్సాత్‌నందు మ (33). ‘మూడు’నకు మూలరూపము క్లౌ, త్సాత్‌నందు కియ (33). ‘రెండు’నకు మూలరూపము దుఅ, త్సాత్‌నందు థుఅ (11). ‘పంది’కి మూలరూపము బబుయ్, త్సాత్‌నందు ఫుయి (11). ‘చంద్రుడు’నకు మూలరూపము బులాన్, మలయాయందు బులన్, త్సాత్‌నందు ఫియన్ (11). ‘ఏడు’నకు మూలరూపము తుజుహ్, త్సాత్‌నందు సు (55). ‘పది’కి మూలరూపము పులుహ్, త్సాత్‌నందు పియు (55).

ఇచట ‘దుఅ’ను చూచి సంస్కృతపు ‘ద్వి’ని స్మరింపని పండితుడుండడు. కాని ఈ పోలిక కాకతాళీయము. తైవానునందలి అమిస్ భాషలో ‘రెండు’నకు తుస అందురు. నడుమనున్న ఊష్మవర్ణము తక్కిన భాషలలో లోపించుటచే దుఅ యను రూపము ఏర్పడినది. పూర్వరూపమును విచారించిన కొలది ‘ద్వి’తో పోలిక దూరమగుచున్నది. ఇందుకు విరుద్ధముగ లిమ, మ అను రెండును చెవికి దూరములైనను నిజముగ ఒక్కటే మాట.

పై పదములయందలి క్రమమును గమనించిన నాలుగు సూత్రములు తేలును. మొదటిది: పదాంతమున విసర్గమువంటి హకారముండిన మాటలు, ఆదియందు ఏ హల్లుండినను, ఉచ్చతానమును పొందినవి. ‘ఏడు’, ‘పది’ అట్టివి. రెండవది: అచ్చుతోగాని అనునాసికముతోగాని ముగియు మాటలలో, హల్లు మొదట గ, జ, డ, ద, బ లవంటి సరళమైయుండిన నీచతానము కలిగినది, ఆ సరళము శ్వాసవర్ణమై మహాప్రాణముగ మారినది. ‘రెండు’, ‘పంది’, ‘చంద్రుడు’ అట్టివి. మూడవది: అట్టి మాటలలోనే హల్లు సరళము కానిచో మధ్యమతానము కలిగినది. ‘మూడు’, ‘ఐదు’ అట్టివి. నాలుగవది: పదాంతమున క, త, ప లవంటి స్పర్శములుండిన మాటలలో ఆ స్పర్శము కంఠబిలమును మూయు చిన్న నిరోధముగ క్షీణించి, తానము చలితమైనది. వానిలో ఏది ఆరోహణమును, ఏది అవరోహణమును పొందవలెనను విభాగము గూడ పూర్వపు సరళపరుషభేదముపై ఆధారపడినదే. మలయా ‘అంపత్’నకు సోదరమగు ‘నాలుగు’ అను మాట ఈ తెగకు చెందినది.

ఈ సూత్రములలో యాదృచ్ఛికమైన దేదియు లేదు. ఏ పదమునకు ఏ తానము కలుగునో మూలరూపమును చూచి ముందుగనే చెప్పవచ్చును. అట్లే తానమును విని, నేడు వినబడని పూర్వవర్ణమును ఊహింపవచ్చును.

తానోత్పత్తి క్రమము

ఇంతటి మార్పు ఒక్కసారిగ జరుగలేదు. వియత్నాము తీరమున నుండగనే చాములు మోన్-ఖ్మేర్ వర్గపు భాషలవారితో కలసిమెలసి మెలగిరి. ఆ భాషలలో పదాంతాక్షరమునకు బలమెక్కువ. ఆ వాడుక చామునకు సోకి, రెండక్షరముల మాటలలో తొలియక్షరము బలహీనమయ్యెను. పులుహ్ అనునది ప్లుహ్ వలె కుదించబడెను. నడిమి లకారము కరగి యకారచ్ఛాయను పొందెను. లిమ యందలి ‘లి’ మొత్తముగ జారిపోయెను.

తొలియక్షరములు జారిన పిమ్మట మిగిలిన యేకాక్షరములలో భేదము తగ్గును. అప్పుడు పూర్వము గౌణమైయుండిన సూక్ష్మభేదములు ముఖ్యములగును. సరళములను పలుకునప్పుడు కంఠతంత్రులు సడలి, వెనువచ్చు అచ్చు కొంత ఊపిరితో కూడి మందముగ ధ్వనించును. కాంబోజదేశపు పడమటి చామునందు ఈ దశ నేటికిని నిలిచియున్నది: మంద్రమగు నుచ్చారణము, నిర్మలమగు నుచ్చారణము అని రెండు తెగలు. త్సాత్ ఇంకొక యడుగు ముందుకు వేసినది. హైనానున చుట్టును తానములు గల భాషలే: లీ భాష, హైనాన్ చీనాభాష, తక్కిన చీనాభేదములు. వానిని నిత్యము వినుచు మాటలాడుచు నుండిన ఈ చిన్న సంఘపు చెవి, ఉచ్చారణపు మందత్వముకన్న దానితో వచ్చు నీచస్వరమునే ప్రధానముగ గ్రహింప నారంభించెను. మందత్వము పోయెను, నీచస్వరము నిలిచెను. పదాంతహకారము పోయెను, దానివలన కలిగిన ఉచ్చస్వరము నిలిచెను.

ఐతే తానములను త్సాత్ పొరుగువారినుండి వస్తువువలె తెచ్చుకొనలేదు. తానములు గల పొరుగుభాష ప్రేరకము మాత్రమే. ఉపాదానము సొంత వర్ణములే. వియత్నాము భాషయందు పూర్వపు పదాంతహకారమునుండి వంపుతో దిగజారు తానములు కలిగినవి; త్సాత్‌నందు అదే హకారమునుండి అన్నిటికన్న ఉచ్చమగు తానము కలిగినది. ఎరవు తెచ్చుకొన్నదైనచో ఇట్టి స్వతంత్రమార్గము పొసగదు.

లోపించిన వర్ణము తన చిహ్నమును పొరుగువర్ణమున నిలిపిపోవుట ఆంధ్రవ్యాకరణము నెరిగినవారికి కొత్త కాదు. ‘వచ్చెను తాను’ అనుచోట ద్రుతము లోపించి ‘వచ్చెఁ దాను’ అగునప్పుడు నకారము వినబడదు. కాని పరుషము సరళమగుటచే నకారము అచట నుండెనని తెలియును. ‘మూఁడు’ అను మాటయందు అరసున్న నేడు పలుకబడదు. ఐనను అరవమున ‘మూన్ఱు’ అనుచోట నకారము స్పష్టము. ‘ఏడు’నకు అరసున్న లేదు, అరవపు ‘ఏళు’యందు అనునాసికమును లేదు. వ్రాతలో నిరర్థకమని తోచు చిన్న గుర్తు భాషాచరిత్రమున గట్టి సాక్షి. త్సాత్ తానము అట్టిదే. కాగితముపైగాక కంఠమున నిలిచిన అరసున్న. తానోత్పత్తికి సన్నిహితమగు నుదాహరణము భారతదేశముననే పంజాబీయందు కలదు. ‘ఘోడా’ వంటి మాటలయందలి నాదమహాప్రాణము అచట అల్పప్రాణపరుషముగ మారి, వెనుకటి అచ్చునకు నీచతానమును మిగిల్చినది. అందుచేత పంజాబీ ఆర్యభాష కాకపోలేదు.

వాదము, నిర్ణయము

ఈ విషయమున వెనుక గొప్ప వివాదము జరిగినది. వియత్నాము భాష తానములు గలది. థాయి భాషయు అట్టిదే. ఈ లక్షణమును ముఖ్యముగ గ్రహించి ఫ్రెంచి పండితుడు హెన్రీ మాస్పెరో 1912లో వియత్నాము భాషను థాయి వర్గమున చేర్చెను. తానము భాషకు జన్మలక్షణమనియు, లేనిచోట పుట్టదనియు నాటి తలంపు. ఆంద్రే ఓద్రికూర్ 1954లో దీనిని ఖండించెను. వియత్నాము భాష మోన్-ఖ్మేర్ వర్గమునకు చెందినదనియు, దాని తానములు పదాంతవర్ణముల లోపమునుండియు, ఆదియందలి సరళపరుషభేదము నశించుటనుండియు పుట్టినవనియు ఆయన చూపెను.

ఓద్రికూర్ వాదమునకు త్సాత్ తిరుగులేని సాక్ష్యమైనది. వియత్నాము విషయమున వంశమే వివాదాస్పదమగుటచే ప్రతిపక్షికి చోటుండెను. త్సాత్ విషయమున అట్టి చోటు లేదు. దాని సోదరభాషలు పదులకొలది సజీవములు, పదాంతహకారము మలయా ‘పులుహ్’యందు నేటికిని వినబడుచున్నది, తల్లిభాషకు ప్రాచీనశాసనమును కలదు. బయలుదేరిన చోటును, చేరిన చోటును, నడుమ దశలును కన్నులయెదుట నున్నవి. తానము పుట్టుకతో వచ్చునదికాదు, మధ్యలో సంక్రమింపగలదని ఇంతకన్న విశదముగ చూపజాలిన భాషలు మిక్కిలి కొలది.

ఈ భాష రాజకీయచరిత్రమునకును తోడ్పడుచున్నది. త్సాత్‌నకు చాము భాషలలో మిక్కిలి దగ్గరిది ఉత్తర రోగ్లాయి యని థర్‌గుడ్ వాదము. పదాంతమందలి అనునాసికములు కొన్నిచోట్ల స్పర్శములుగ మారుట ఈ రెంటికిని ఉమ్మడి. రెండును ఒక్క ఉత్తరపు చాము పలుకుబడినుండి చీలి, ఒకటి సముద్రము దాటెననియు, ఒకటి దక్షిణపు కొండల కెగసెననియు ఆయన నిర్ణయించెను. ఉత్తర రాజధాని యగు ఇంద్రపురము కొల్లబోయినది 982లో. శరణార్థులు హైనాన్ చేరినట్లు చీనా చరిత్రము చెప్పునది 986లో. ధ్వనులచే కట్టిన వంశవృక్షమును, ఆస్థానలేఖకుల వ్రాతయు ఒకదాని నొకటి యెరుగకయే ఇట్లు ఒక్క తావున కలియుచున్నవి. అచట అనునాసికపరిణామమునకు కలిగిన విలువ వంద పేర్ల పోలికలకు కలుగదు.

వర్తమానదశ

వేయి సంవత్సరములకు పైగా నిలిచిన ఈ భాషకు నేడు కలిగిన పరీక్ష వెనుకటివానికన్న సూక్ష్మమైనది. 1988లో హైనాన్ ప్రత్యేక రాష్ట్రమయ్యెను. సాన్యా బెస్తలపల్లె స్థితినుండి యాత్రికులతో క్రిక్కిరిసిన నగరమైనది. 1994లో ఆ గ్రామముల చెంతనే విమానాశ్రయము తెరువబడెను. పాఠశాలలో చీనాభాష, అంగడిలో చీనాభాష, మతవిద్యయందు అరబ్బీ. త్సాత్‌నకు మిగిలినది ఇల్లు. ఇంటియందు నిలిచినంతకాలము భాష నిలుచును. అచటనుండి తొలగిన దానిని గ్రంథములు తిరిగి బ్రదికింపలేవు. ఐనను ఊళ్ళయందలి ఐకమత్యమును, మతబంధమును ఇంతకాలము దానిని కాపాడినవి. పొరుగుభాషలనుండి మాటలను, తానవిధానమును, వాక్యమర్యాదలను సైతము గ్రహించుచునే తన మూలపదములను అది వీడలేదు.

ఈ చిన్న భాష పెద్ద పాఠమును నేర్పుచున్నది. భాష తన వేషమును పూర్తిగ మార్చుకొనవచ్చును. పొరుగువారి రూపమును దాల్చి వారిలో నొకటిగ కనబడవచ్చును. ఆ మార్పు క్రమబద్ధమైనంతవరకు దాని జన్మము మాసిపోదు. త్సాత్ పోగొట్టుకొన్న హకారము, సరళములు, పదాంతస్పర్శములు నిజముగ పోలేదు. కంఠస్వరపు మెట్లలో తలదాచుకొనినవి. చెవికి చీనావలె తోచు లక్షణమే, పరిశీలించినవారికి చాము పుట్టుకను ఋజువుచేయు పత్రమగుచున్నది. పులుహ్ అనుటకు మారుగ పియు అని ఉచ్చస్వరమున పలుకు హుయిహుయి గ్రామపు బాలుడు, తాను ఎరుగకయే, ఇంద్రపురమునాటి హకారమును నేటికిని ఉచ్చరించుచున్నాడు.